ఇంటనే ఇంజను ఆయిలు మార్పు



అమీర్‌పేటనుండి పంజాగుట్ట మీదుగా ఖైరతాబాదు చేరులోపల అడుగడుగున ఆగుచు సాగెడి ఎస్.యు.వి. యందు, చక్రములు నిలిచినను ఇంజను తిరుగుచునే యుండును గనుక, మీటరు చూపెడి కిలోమీటర్లకంటె ఆయిలు పడిన శ్రమ అధికము. అందుచేత బండితో వచ్చిన పుస్తకము కఠిన వినియోగమునకు విధించిన గడువునే పాటించుట శ్రేయస్కరము.

ఈ పనిని స్వయముగా చేయగోరువారు, బండిని గాలి యాడెడి సమతలమున నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టి, ఇంజనును కొద్ది నిమిషములు నడిపి ఆపవలెను. గోరువెచ్చనైన ఆయిలు పలుచబడి మడ్డితోకూడ దిగును. కేవలము జాకీపై నిలిచిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు. అడుగు బోల్టు విప్పి, నల్లని ఆయిలును వెడల్పాటి తొట్టిలోనికి పూర్తిగా దిగనిచ్చి, క్రొత్త వాషరుతో బోల్టు బిగింపవలెను. పాత ఫిల్టరును తీసి, క్రొత్తది మరతో బిగియునదైనచో, దాని రబ్బరు వలయమునకు క్రొత్త ఆయిలు వ్రేలితో పూసి, చేతితోనే బిగించుట మేలు. పిమ్మట పుస్తకమున చెప్పిన గ్రేడు ఆయిలును చెప్పిన కొలతకు పోసి, ఒక నిమిషము నడిపి ఆపి, కొంతసేపటికి డిప్‌స్టిక్కు చూడగా, తడి రెండు గుర్తుల నడుమ నిలువవలెను.

వాడిన ఆయిలు 2016 నాటి కేంద్ర నియమముల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. దానిని నాలాలో పోసినచో హుస్సేన్‌సాగరమునకే చేటు. మూతగల డబ్బాలో నింపి, అధీకృత రీసైక్లరుకు పంపెడి సర్వీసు కేంద్రమున అప్పగింపుడు. సందేహమున్నచో సనత్‌నగరులోని కాలుష్య నియంత్రణ మండలిలో విచారింపుడు. ఆయిలు, ఫిల్టరుల రసీదులను మాత్రము భద్రపరచుడు. వారంటీ వివాదమున అవియే మీకు సాక్ష్యము.