సెల్లు పాఠాలు – మన వాడ పిల్లలు

2020 మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో మూడో తరగతి మొదలు పైవాళ్లకు టీవీలో, సెల్లులో పాఠాలన్నారు. ఒకటి, రెండు తరగతుల ఊసే లేదు. అక్షరాలు దిద్దేది వాళ్లే కదా! మనింట్లో సెల్లు ఒక్కటుంటే అది అయ్యతోపాటే కూలికి పోతుంది. పొద్దూకి ఇల్లు చేరేసరికి పాఠమూ అయిపోతుంది, బ్యాలెన్సూ అయిపోతుంది.

2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదిళ్లు తిరిగి సర్వే చేశారు. పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదివిన దళిత, ఆదివాసీ పిల్లలు నూటికి నలుగురు. మిగతా పిల్లలు 15 మంది. మన రెండు రాష్ట్రాలు ఆ లెక్కలో లేవు; మన వాడ సంగతి మనకొకరు చెప్పాలా?

అప్పుడు ఒకటో తరగతి పోగొట్టుకున్న పిల్లలు ఇవాళ హైస్కూలు మెట్లెక్కారు. ఎవరు చదవగలరో, ఎవరు తడబడుతున్నారో వాడవాడా రాసుకుందాం. ఆ కాగితం పట్టుకుని ఎం.ఇ.ఓ. ఆఫీసుకు పోదాం.