రెండు డాలర్ల కోపం

నేను యూఏఈలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి వచ్చినవాడిని. ఈ వారం నన్ను పేకాట గురించి మాట్లాడమన్నారు. అంటే ఫోన్‌లో ఆడే పోకర్. ఆడమని చెప్పడానికి రాలేదు. నేను ఆడి పోగొట్టుకున్నది చెప్పడానికి వచ్చిన.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపేస్తారు కదా. ఆ టైంలో షెడ్‌లో కూర్చుంటే ఏం చేస్తాం? ఫోన్ చూస్తాం. రెండేళ్ల కింద నేను పోకర్ అట్లనే నేర్చుకున్న. చిన్నప్పటి నుంచి రమ్మీ వచ్చు కాబట్టి ఇది కూడా వస్తది అనుకున్న.

మొదట పద్ధతిగానే ఆడిన. 50 డాలర్లు పెట్టిన. ఒక సెంటు, రెండు సెంట్ల టేబుల్. అక్కడ కూర్చోవాలంటే 2 డాలర్లు చాలు. అంటే నా దగ్గర 25 సార్లు కూర్చునే పైసలు ఉన్నట్టు. దీన్నే బ్యాంక్‌రోల్ అంటారు. ఆట తెలిసినవాళ్లు ఒక టేబుల్‌కి కనీసం 20, 30 సార్లకు సరిపడా ఉంచుకోమంటారు. మన లిఫ్టింగ్ స్లింగ్ లెక్కే ఇది. ఒక టన్ను ఎత్తే వైర్ రోప్ స్లింగ్ అయిదు టన్నులకు తెగేలా ఉంటది. ఆ మిగులు దేనికి? ఒక్క కుదుపుకు తెగిపోకుండా ఉండడానికి. ఆటలో కుదుపులు ఇంకా ఎక్కువ, అందుకే మిగులు కూడా ఎక్కువ.

నెల రోజుల్లో 50 కాస్తా 70 అయ్యింది. నాకు ఆట వచ్చేసిందనుకున్న.

జీతం పడ్డ రోజు రాత్రి నాకు రెండు ఆసులు వచ్చాయి. అంతకంటే మంచి ముక్కలు లేవు. ఉన్నదంతా పెట్టిన. ఎదుటివాడి దగ్గర రెండు రాజులు. చివరి ముక్క రాజు పడ్డది. పోయింది 2 డాలర్లే. ఒక షవర్మా ఖరీదు అంతే. కానీ నాకు పైసల బాధ లేదు, అన్యాయం జరిగిందన్న మంట. ‘అది నాదే కదా, వాడెట్ల తీసుకుంటడు’ అని.

లెక్క చెప్త వినండి. ఆసులు, రాజులు తలపడితే వందలో సుమారు 82 సార్లు ఆసులు గెలుస్తాయి. అంటే 18 సార్లు ఓడిపోతాయి. అయిదారు సార్లలో ఒకసారి ఓడడం అన్యాయం కాదు, అది ఆటలో ఉన్నదే. సరిగ్గా ఆడడం వేరు, గెలవడం వేరు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం కోపం పోతది. నాకు ఆ రాత్రి ఎక్కలేదు.

పోకర్‌లో దీన్ని టిల్ట్ అంటారు. సైట్ భాషలో ప్లంబ్ తప్పడం. గోడ నిలబడ్డట్టే కనిపిస్తది, కానీ వాలిపోయి ఉంటది. పోయిన 2 డాలర్లు త్వరగా లాగాలని 25, 50 సెంట్ల టేబుల్‌కి పోయిన. అక్కడ ఒక్కసారి కూర్చోవడానికి 50 డాలర్లు. నా 70కి అది 25 సార్ల మిగులు కాదు, ఒక్కసారి. అది పోయింది. తర్వాత జీతంలోంచి వేసిన. తెల్లవారుజామున మూడు దాటేసరికి జీతంలో 1,600 దిర్హాములు లేవు. అది బిడ్డ హాస్టల్ ఫీజు. రెండు డాలర్ల కోపం దాన్ని తిన్నది.

పొద్దున ఇంటికి ఫోన్ చేసి జీతం ఇంకా పడలేదని అబద్ధం చెప్పిన. సైట్‌కి పోయి, స్కాఫోల్డింగ్ ఎక్కి చూడకుండానే చెక్ లిస్ట్ మీద సంతకం పెట్టిన. మన సిరిసిల్ల వైపు పిల్లగాడు ఒకడు వచ్చి, “సార్, మూడో లిఫ్ట్‌లో గార్డ్ రైల్ లేదు, చూసిన్రా?” అన్నడు. మనుషులు ఎక్కకముందే పని ఆపించిన. వాడు అడగకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. ఆ సాయంత్రం ఇంటికి మళ్లీ ఫోన్ చేసి నిజం చెప్పిన. మా ఆవిడ తిట్టలేదు. “ఫీజు నేను చూసుకుంట, నువ్వు తిని పడుకో” అన్నది. తిడితేనే బాగుండేది.

అప్పటి నుంచి నేను పాటించేవి చెప్త.

ఇంత పోతే లేవాలి అని కూర్చోకముందే రాసుకోవాలి. మూడుసార్లు పోతే ఫోన్ మూసేయాలి. పోయింది లాగడానికి పెద్ద టేబుల్ ఎక్కొద్దు, తగ్గితే చిన్న టేబుల్‌కి దిగాలి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఇంట్లో గొడవపడి, నిద్ర లేక ఆడొద్దు. సైట్ డైరీ లాగా రోజు లెక్క రాయాలి. ఇంకోటి, ప్రతి పాట్‌లోంచి కంపెనీవాడు కొంత కోసుకుంటడు. అందరం సమానంగా ఆడినా చివరికి తగ్గేది మన పైసలే.

అసలు మాట ఇది. బ్యాంక్‌రోల్ అంటే పోయినా ఎవరి కంచంలో మెతుకు తగ్గని పైసలు. మన జీతం మీద చూడండి, ప్రతి దిర్హాముకూ ఒక పేరు ఉంటది. ఏజెంట్ అప్పు, అమ్మ మందులు, పిల్లల ఫీజు, ఇంటి స్లాబ్. పేరు లేని పైసలు నా జీతంలో వెతికిన, దొరకలేదు. అంటే నా బ్యాంక్‌రోల్ సున్నా. సున్నాతో కూర్చునే టేబుల్ లేదు.

పైగా ఇక్కడ లైసెన్స్ లేని జూదం నేరం, ఆన్‌లైన్ అయినా అంతే. కేసు పడితే ఉద్యోగం, వీసా అన్నీ చిక్కులో పడతాయి. ఊరికి పోయి ఆడుకుందామన్నా, తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పైసల ఆట మూయించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

ఇప్పుడు నేను ఉత్త చిప్స్‌తో ఆడుత, పైసా పెట్టను. నవ్వకండి, ఆసులు ఓడినప్పుడు మంట ఇప్పటికీ వస్తది. అప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, లేచి నీళ్లు తాగి వస్త. ఆ అలవాటు సైట్‌లో కూడా పనికొస్తున్నది.

ఈ రాత్రి ఎవరైనా పోయిన పైసలు లాగుదామని కూర్చుని ఉంటే, తమ్మీ, ఫోన్ పక్కన పెట్టు. పక్క బంక్ మీద ఉన్న మనిషిని లేపి అయినా సరే, విషయం చెప్పు. పోయింది పోయింది. పొద్దున స్కాఫోల్డింగ్ ఎక్కాలి మనం.

ఉంటా మరి, జాగ్రత్త.