వైఫై ఎక్స్‌టెండరు – తెరచుకొనని వెబ్‌సైట్లు

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మంచినీరు, వీధిదీపముల వలెనే నేడు ఇంటర్నెట్టు కూడ గ్రామ జీవనమునకు కావలసిన సదుపాయములలో చేరినది. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగను చేర్చు పథకమును భారత ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే 2015లో భారత్‌నెట్ అను పేరు దాల్చినది. పంచాయతీల ప్రణాళికలను, లెక్కలను చూపు ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైనది. పింఛనుదారులు తాము జీవించియున్నట్లు తెలుపు పత్రమును ఇంటి నుండియే సమర్పించుటకు వీలు కల్పించు జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చినది.

ఇట్టి స్థితిలో ఒక వెబ్‌సైటు తెరచుకొనకపోవుట చిన్న విషయము కాదు. విద్యార్థికి దరఖాస్తు గడువు ముగిసిపోవును. వృద్ధుడగు పింఛనుదారుకు నవంబరు నెల దాటిపోవును. అప్పుడు గ్రామస్థులు మొదట వచ్చి అడుగునది మిమ్ములనే. కనుక ఈ చిక్కు ఎక్కడ పుట్టునో, దానిని ఎట్లు విప్పవలెనో నేడు మీకు మనవి చేయదలచితిమి.

ఎక్స్‌టెండరు చేయు పని

సాధారణముగా రౌటరు ముందు గదిలో ఉండును. దాని సంకేతము పెరటి వైపు గదులకు సరిగా అందదు. అందుచే నడుమ ఒక ఎక్స్‌టెండరును అమర్చుదురు. రౌటరు పంపు తరంగములను అందుకొని, మరల ప్రసారము చేయుటయే దాని ముఖ్యమైన పని. కాలువకు పిల్లకాలువ ఎట్టిదో, రౌటరుకు ఎక్స్‌టెండరు అట్టిది.

శివారు పొలమునకు నీరు రానిచో తెలిసిన రైతు వెంటనే జలాశయమును నిందింపడు. పొలము గట్టు నుండి బయలుదేరి బోదెను, పిల్లకాలువను, తూమును ఒక్కొక్కటిగా చూచుకొనుచు పైకి నడచును. అడ్డు కనబడిన చోట పార వేయును. మనమును ఇచట అట్లే నడువవలెను. అడ్డు ఎక్కడ నున్నదో తెలియకముందే క్రొత్త ఎక్స్‌టెండరు కొనుట డబ్బు దండుగ.

నాలుగు పరీక్షలు

వీనికి ఖర్చు లేదు. పది నిమిషములు చాలును.

మొదటిది: తెరచుకొననిది ఒక్క వెబ్‌సైటా, లేక అన్నియునా? అన్నియు ఆగినచో అది ఏదో ఒక వెబ్‌సైటును అడ్డగించుట కాదు, కనెక్షనే లేదన్నమాట.

రెండవది: అదే ఫోనుతో రౌటరు ప్రక్కకు పోయి, రౌటరుకే కలిపి చూడవలెను. రెండు పెట్టెలకు ఒకే పేరు ఉన్నచో ఎక్స్‌టెండరు స్విచ్చి ఆపి చూడవలెను.

మూడవది: వైఫై ఆపివేసి, మొబైలు డేటాతో అదే వెబ్‌సైటును తెరచి చూడవలెను.

నాలుగవది: మరియొక ఫోనును ఎక్స్‌టెండరుకు కలిపి చూడవలెను.

ఇప్పుడు ఫలితములను పరిశీలింతము. ఒక్క ఫోనులోనే ఆగినచో దోషము ఆ ఫోనులో నున్నది. రౌటరు వద్ద తెరచుకొని, ఎక్స్‌టెండరు వద్ద ఏ ఫోనులోను తెరచుకొననిచో ఎక్స్‌టెండరును చూడవలెను. మొబైలు డేటాతో తెరచుకొని, రౌటరు వద్దనే ఆగినచో రౌటరులోనో, కనెక్షను ఇచ్చిన సంస్థ వద్దనో కారణముండును. ఏ ఫోనులోను, ఏ మార్గమునను తెరచుకొననిచో ఆ వెబ్‌సైటే పనిచేయకుండవచ్చును; లేదా సమాచార సాంకేతిక చట్టములోని 69ఏ సెక్షను క్రింద ప్రభుత్వ ఉత్తర్వుచే మూయబడి యుండవచ్చును. అట్టి దానికి ఇంటిలోని పెట్టెలను ఎంత సవరించినను ప్రయోజనము లేదు.

ఎక్స్‌టెండరు వద్ద మూడు కారణములు

మొదటి కారణము బలహీనమైన సంకేతము. పేజీ సగము వచ్చి నిలిచిపోయినప్పుడు, ఎవరో అడ్డగించినారని మనకు తోచును. పెద్ద వెబ్‌సైట్లు ఆగి, చిన్నవి తెరచుకొనుట దీని గుర్తు. ఎక్స్‌టెండరును సంకేతము అందని గదిలోనే పెట్టుట పలువురు చేయు పని. తనకే అందని దానిని అది ఇతరులకు ఎట్లు పంచగలదు? రౌటరుకును ఆ గదికిని నడుమ, సంకేతము ఇంకను బాగుగా నున్న చోట పెట్టవలెను. మందమైన రాతిగోడలు, ఇనుప బీరువా, రిఫ్రిజిరేటరు అడ్డము రాకుండ చూడవలెను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలను దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్ తరంగములకు వేగము హెచ్చు, దూరము తక్కువ.

రెండవ కారణము నియంత్రణ నిబంధనలు. పిల్లల కొరకు కొన్ని వెబ్‌సైట్లను మూయుటకు రౌటర్లలోను, కొన్ని ఎక్స్‌టెండర్లలోను ఏర్పాటు ఉన్నది. ఇచట ఒక విశేషమును గమనింపవలెను. రౌటరు ప్రతి ఫోనును మ్యాక్ అడ్రసు అను గుర్తు సంఖ్యతో గుర్తించును. కాని కొన్ని ఎక్స్‌టెండర్లు తమ వెనుకనున్న ఫోనులన్నిటిని తమ గుర్తుతోనే రౌటరుకు చూపును. వీధివారందరి ఉత్తరములు ఒకరి పేరుననే వచ్చినట్లుండును. అప్పుడు పిల్లవాని ఫోనుకని పెట్టిన నిబంధన పెరటి గదిలోని తాతగారి ఫోనుకు కూడ తగులవచ్చును. పెద్దల ఫోను ముందు గదిలో బాగుగా నడచి, పెరటి గదిలో ఆగుటకు ఇది ఒక కారణము. ప్రతి దినము ఒకే గంటకు ఆగినచో, అది కాలనియమముతో కూడిన నిబంధన యని ఊహింపవచ్చును.

మూడవ కారణము డి.ఎన్.ఎస్. వెబ్‌సైటు పేరు చెప్పగనే దాని అంకెల చిరునామాను వెదకి తెచ్చు ఏర్పాటు ఇది. చిరునామా చెప్పువాడు తప్పు చెప్పినచో ఉత్తరము చేరదు. కొన్ని ఎక్స్‌టెండర్లు ఈ పనిని తామే చేపట్టి చిక్కు తెచ్చును. దానిని రౌటరు నుండియే స్వయముగా తీసికొనునట్లు మార్చవలెను, లేదా 8.8.8.8 గాని, 1.1.1.1 గాని వ్రాయవచ్చును. ఎవరైన ముందే 1.1.1.3 వ్రాసి యున్నచో, అది హానికరమైన వెబ్‌సైట్లను, పెద్దలకు మాత్రమే తగిన వెబ్‌సైట్లను మూయు సేవ యని తెలిసికొనవలెను.

ఫోనులోని దోషములు

ఫోనులో తేదీ, గంట తప్పుగా నున్నచో భద్రత గల వెబ్‌సైట్లు తెరచుకొనవు. వి.పి.ఎన్. యాప్ నడచుచున్నచో మన ఫోను విదేశమున నున్నట్లు కనబడవచ్చును. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు విదేశముల నుండి తెరచుకొనవు. తేదీని సరిచేసి, వి.పి.ఎన్. ఆపి, ఆ వైఫై పేరును ఫోనులో తొలగించి మరల కలుపవలెను.

సవరించు క్రమము

ముందు రౌటరును ఆపి మరల వేసి, దాని దీపములు నిలకడగా వెలుగువరకు ఆగవలెను. పిదప ఎక్స్‌టెండరును అట్లే చేయవలెను. చాలసార్లు చిక్కు ఇంతటితోనే తీరును. తీరనిచో పెట్టె వెనుక అంటించిన చీటీలోని చిరునామాతో దాని సెట్టింగులు తెరచి, పైన చెప్పిన వానిని ఒక్కొక్కటిగా చూడవలెను. ఒక మార్పు చేసి, పరీక్షించి, పిదపనే రెండవ మార్పు చేయవలెను. సన్నని రంధ్రములో సూది నొక్కి రీసెట్ చేయుట కడపటి ఉపాయము. దానితో పాత ఏర్పాట్లన్నియు చెరిగిపోవును గాన ముందుగా వానిని కాగితముపై వ్రాసికొనవలెను. రీసెట్ చేసిన పిదప క్రొత్త పాస్‌వర్డు పెట్టుట మరువరాదు.

తాళము వేసిన వారెవరు?

అడ్డు కనబడగనే తొలగించుట అన్నివేళల మంచిది కాదు. పిల్లల రక్షణకై తలిదండ్రులు పెట్టిన నిబంధనను వారి నడుగకుండ తీసివేయరాదు. తాతగారి ఫోనుకు మినహాయింపు ఇచ్చి, పిల్లవాని నిబంధనను నిలుపుటయే సరియైన మార్గము. ఈ వెబ్‌సైటు ప్రమాదకరమని బ్రౌజరు హెచ్చరించినచో దానిని దాటి పోరాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల పేరును పోలిన దొంగ వెబ్‌సైట్లు ఉన్నవి. ప్రభుత్వ వెబ్‌సైట్ల పేర్లు సాధారణముగా చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగియును; చిరునామాను అక్షరమక్షరము చూచుకొనవలెను. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

సభ్యులారా, ఈ నాలుగు పరీక్షలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాసి పెట్టుడు. ప్రతి వార్డులో చదువుకొన్న యువతీ యువకులలో ఇద్దరికైనను నేర్పుడు. నవంబరు నెలలో ఒక పింఛనుదారు ఫోను చేతబట్టుకొని మీ వాకిట నిలిచినప్పుడు, రేపు రమ్మని పంపివేయక, ముందు రౌటరు ప్రక్కకు పోయి చూడుడని చెప్పగలిగినచో ఈ ప్రసంగము సార్థకమైనట్లే.