పొరుగు జట్టా, పెద్ద కూటమా?



అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ ఆడే ఆట. విశ్వవిద్యాలయాల జట్లు ఆడుతుంటే చూడటానికి వేలమంది, కొన్నిచోట్ల లక్షమంది దాకా వస్తారు. ఈ విశ్వవిద్యాలయాలు కూటములుగా ఏర్పడి ప్రధానంగా తమలో తాము పోటీపడతాయి. వాటినే కాన్ఫరెన్సులంటారు. టెలివిజన్ సంస్థలు కూటమికిచ్చే సొమ్ములో ప్రతి సభ్యునికీ వాటా ఉంటుంది. అందుకే ఒక విశ్వవిద్యాలయం కూటమి మారుతోందంటే అభిమానుల మధ్య పెద్ద చర్చ లేస్తుంది. అలాంటి చర్చ ఒకటి ఈవేళ ముచ్చటించుకుందాం.

అమెరికా ఈశాన్య కొసన కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం స్టోర్స్ అనే చోట ఉంది. 1979లో బిగ్ ఈస్ట్ అనే కూటమిని స్థాపించిన వాటిలో ఇదొకటి. ఆ కూటమికి ప్రాణం బాస్కెట్‌బాల్. కనెక్టికట్ పేరు దేశమంతటా మోగిందీ ఆ ఆటతోనే. ఫుట్‌బాల్‌లో పై స్థాయికి చేరింది ఆ తర్వాత చాలాకాలానికి. 2003లో ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో దాదాపు 40 వేలమంది పట్టే స్టేడియం తెరిచారు. అది విద్యార్థులుండే చోటికి 30 కిలోమీటర్లకు పైగా దూరం.

2013లో బిగ్ ఈస్ట్ చీలింది. పై స్థాయి ఫుట్‌బాల్ లేని ఏడు కేథలిక్ విద్యాసంస్థలు ఆ పేరుతో సహా వేరుపడ్డాయి. ఫుట్‌బాల్ కోసం కనెక్టికట్ రెండో పక్కన నిలిచింది. ఆ పక్షమే అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్సు అయింది. దూరపు కొండలు నునుపు అన్నట్టయింది వ్యవహారం. కొత్త ప్రత్యర్థులు హ్యూస్టన్, టల్సా, మెంఫిస్ వంటి దూరపు ఊళ్లవాళ్లు. హ్యూస్టన్ 2 వేల కిలోమీటర్ల పైమాటే. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ఆ కూటమిలో ఉన్న ఏడేళ్లలో కూటమి జట్ల చేతిలో ఒక్కసారైనా ఓడలేదు. గెలుపు ముందే తెలిసిన ఆటలో చూసేవాళ్లకు ఉత్సాహం ఏముంటుంది? ఇక ఏ ఆట కోసం ఇదంతా చేశారో, ఆ ఫుట్‌బాల్ జట్టు 2018లో 12 పోటీలాడి ఒక్కటే గెలిచింది. క్రీడా విభాగం లోటు ఏడాదికి సుమారు 4 కోట్ల డాలర్లకు చేరింది. ఆ లోటును విశ్వవిద్యాలయం నిధులూ, విద్యార్థులు కట్టే రుసుమూ పూడ్చాయి.

2019 జూన్‌లో విశ్వవిద్యాలయం తిరిగి బిగ్ ఈస్ట్‌కు వెళ్లాలని తీర్మానించింది. వదిలి వెళుతున్నందుకు 1 కోటి 70 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అయితే బిగ్ ఈస్ట్‌లో ఫుట్‌బాల్ పోటీలు లేవు. మరి ఆ జట్టు గతేమిటి?

ఇక్కడే అభిమానులు మూడు వర్గాలయ్యారు. సొంతింటికి చేరాం, ప్రావిడెన్స్, న్యూయార్క్ జట్లతో మళ్లీ పాత పోటీ చూస్తాం అని బాస్కెట్‌బాల్ అభిమానులు సంతోషించారు. కూటమి లేని ఫుట్‌బాల్ జట్టులోకి మంచి ఆటగాడెవడు వస్తాడు, ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియం ఏమవుతుంది అని రెండో వర్గం వాపోయింది. ఖర్చు తట్టుకోలేనప్పుడు కింది స్థాయికి దిగితే నామోషీ ఏముంది అన్నది మూడో వర్గం. ఇడహో విశ్వవిద్యాలయం 2018లో అలాగే దిగింది కూడా.

కనెక్టికట్ దిగలేదు. ఏ కూటమిలోనూ లేని స్వతంత్ర జట్టుగా నిలబడింది. అంటే ఏడాదికి డజను పోటీలను తానే వెదికి కుదుర్చుకోవాలి. 2020లో కోవిడ్ కారణంగా ఆ జట్టు అసలు ఆడనే లేదు. 2021లో మళ్లీ ఒక్కటే గెలుపు. ఆ తర్వాత జిమ్ మోరా శిక్షకుడిగా వచ్చాడు. 2024లో తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు. అందులో చివరి గెలుపు బాస్టన్ నగరంలో నార్త్ కరొలినా మీద, 27-14 తేడాతో. పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2023, 2024లలో వరసగా జాతీయ విజేత అయింది. 2025లో మహిళల జట్టు కూడా గెలిచింది.

కానీ లెక్క అక్కడితో ముగియదు. 2020 జూన్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నాలుగు జట్లను రద్దు చేయాలనుకున్నారు. పురుషుల టెన్నిస్, ఈత, క్రాస్ కంట్రీ పరుగు, మహిళల పడవ పందెం. పడవ పందెం అమ్మాయిలు న్యాయస్థానానికి వెళ్లి తమ జట్టును నిలబెట్టుకున్నారు. మిగతా మూడూ పోయాయి. ఫుట్‌బాల్ ఉండాలా వద్దా అన్న వాదం ఎంత గట్టిగా సాగినా, ఆట పోగొట్టుకున్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ పిల్లలు.

దేశంలో మిగతా చోట్ల గాలి ఎదురుదిశలో వీచింది. పసిఫిక్ తీరపు పాత కూటమి పాక్-12 నుంచి 2024లో పది విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయాయి. రెండే మిగిలాయి. పడమటి తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, అట్లాంటిక్ పేరున్న కూటమిలో చేరింది! వారం మధ్యలో ఖండం దాటి వెళ్లి ఆడి రావలసింది చదువుకునే పిల్లలే.

సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు పొరుగు విలువ వేరే చెప్పనక్కరలేదు. రోజూ మొహాలు చూసుకునేవాళ్ల మధ్య ఆడిన ఆటకే గెలిచినా ఓడినా పదేళ్లపాటు కబుర్లుంటాయి. కనెక్టికట్ ఆ పొరుగును డబ్బిచ్చి మరీ తిరిగి తెచ్చుకుంది. ఫుట్‌బాల్ కూడా బతికింది. అయితే ఏ కూటమిలో చేరాలన్న లెక్క వేసేటప్పుడు, టెన్నిస్ ఆడే కుర్రవాణ్ణి కూడా ఆ లెక్కలో చేర్చుకునే విశ్వవిద్యాలయమే నిజంగా ఆటను పోషించినట్టు.