యానాం: ఏరు పెట్టిన ఊరు, సరిహద్దు నిలిపిన ఊరు



భోగాపురం వచ్చి యానాం గురించి మాట్లాడ్డమేమిటని కొందరికి అనిపించొచ్చు. అది ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మన భూగోళం కాదు, గోదావరి వాళ్ల వ్యవహారం. కానీ యానాం అంత చిన్న ఊరుగా మిగిలిపోవడానికి కారణం మన విజయనగరం. అందుకని అక్కణ్ణించే మొదలుపెడతాను.

1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లలో నాలుగింటిని ఫ్రెంచివారికి రాసిచ్చాడు. ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు. చికాకోలంటే మన శ్రీకాకుళమే. ఆ లెక్కన ఇప్పుడు మనం కూర్చున్న ఈ నేలకి కూడా కొన్నాళ్లు పరాసులే, అంటే ఫ్రెంచివారే దొరలు. శిస్తుల లెక్క తేల్చుకోడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో సహా ఇటు వచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలిలో ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? ఈ జిల్లాలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో పోసిన కథ అది. అయితే మన కథకులు తాండ్ర పాపారాయుడి దగ్గర ఆగిపోతారు. బుస్సీ వెంట వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో చచ్చిపోయాక కథ అయిపోయిందనుకుంటారు. చరిత్ర మలుపు తిరిగింది ఆ తర్వాతే.

విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనందరాజుకి బుస్సీతో పొసగలేదు. మరుసటి ఏడే ఆయన విశాఖపట్నంలో ఫ్రెంచివారిని పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లు వెనకాడారు. కలకత్తాలో ఉన్న క్లైవు మాత్రం ఊరుకోలేదు, కల్నల్ ఫోర్డుని ఓడలో పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడింది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది. అంతే, ఈ తీరమంతా ఏలాలనుకున్న ఫ్రాన్సుకి ఆ తర్వాత మిగిలింది వర్తకపు స్థావరాలు మాత్రమే. వాటిలో ఊరుగా నిలిచింది గౌతమి ఒడ్డు యానాం ఒక్కటే. ప్లాసీ యుద్ధం గురించి పిల్లలకి పేజీలకు పేజీలు చెబుతారు. చందుర్తికి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం దొరకడం కష్టం. తెలుగువాళ్ల వరకూ అయితే ప్లాసీ కంటే చందుర్తే దగ్గరి సంగతి.

సరే, ఊరు ఎక్కడుందో చూద్దాం. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది. తూర్పు పాయ గౌతమి. ఆ గౌతమి సముద్రం చేరబోయే ముందు యానాం దగ్గర ఒక చిన్న పాయ విడిపోయి, కోరంగి మీదుగా కాకినాడ అఖాతం వైపు వెళుతుంది. ఆ చీలిక దగ్గర ఉంది ఊరు. అంటే సముద్రపు పోటుకి నేరుగా ఎదురు నిలవక్కర్లేదు, కానీ పడవ రెండు దారుల్లో సముద్రానికి దిగొచ్చు. పైన ఏటి మీద నుంచి సరుకు వస్తుంది. చుట్టూ మగ్గాలున్న ఊళ్లు. పక్కనే ఇంజరం, నీలపల్లి. సన్నబట్టకి ఇంజరానికి అప్పట్లో లండన్ దాకా పేరు, అక్కడ ఇంగ్లీషువాళ్ల కోఠీ ఉండేది. ఇటు యానాంలో ఫ్రెంచి కోఠీ. నేతగాడికి ఇద్దరు కొనుగోలుదార్లు దొరికారన్నమాట. అయినా బయానా ఇచ్చి దుబాసీ చేతిలో కట్టిపడేస్తే ఇద్దరుండీ లాభమేముంది, అది వేరే సంగతి.

ఫ్రెంచివాళ్లు అక్కడ మొదట దిగింది 1723లో. వ్యాపారం సాగక నాలుగేళ్లకే సర్దుకుని వెళ్లిపోయారు. 1731లో మళ్లీ వచ్చారు. ఆ తర్వాత ఐరోపాలో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ యుద్ధమొచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాం పట్టుకోవడం, సంధి కుదిరాక తిరిగి ఇచ్చేయడం. 1793లో అలా పట్టుకున్నప్పుడు అక్కడ అధికారిగా ఉన్నవాడు పియర్ సొన్నెరా. పక్షులు, మొక్కలు, చేపల మీద పుస్తకాలు రాసిన ప్రకృతి శాస్త్రవేత్త. ఆయన్ని ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి పుదుచ్చేరిలో బందీగా ఉంచారు. కేరళ, తమిళనాడు అడవికోడికి శాస్త్రంలో ఇప్పటికీ ఆయన పేరే.

నెపోలియన్ ఓడాక కుదిరిన 1814 ఒప్పందంలో ఒక షరతు ఉంది. తిరిగి ఇచ్చిన ఊళ్లలో ఫ్రాన్సు కోట కట్టకూడదు, కాపలా పోలీసులు తప్ప సైన్యం పెట్టకూడదు. ఒప్పందం అమలై ఊరు చేతికొచ్చేసరికి మరో రెండు మూడేళ్లు పట్టింది. ఆ షరతు వల్లే ఫ్రెంచి ఊరు కదా, పాత కోటగోడలు చూద్దామని యానాం వెళ్లినవాళ్లకి నిరాశ. 1815లో మరో ఒప్పందం ఉప్పు మీద. ఫ్రెంచి ఊళ్లలో పండిన ఉప్పు, ఊరి వాడకానికి పోను మిగిలిందంతా, ఇంగ్లీషు కంపెనీకే అమ్మాలి, బదులుగా ఏడాదికి నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి. ఉప్పు మడులు చూసి పెరిగిన తీరం మనది, ఇందులో పోయిందెవరి కూలో చెప్పనక్కర్లేదు. సొమ్ము పుదుచ్చేరికి పోయింది, మడులు ఎండిపోయాయి.

ఇక ఏటి సంగతి. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు కోరంగి పాయని మెల్లగా పూడ్చేసింది. దాని మీద తుపానులు. 1789 డిసెంబరులో ఒకటి. 1839 నవంబరు 25న వచ్చింది మాత్రం నలభై అడుగుల ఉప్పెన అంటారు. కోరంగి రేవు, ఓడలు, ఊరు ఏమీ మిగల్లేదు. మూడు లక్షల మంది పోయారన్న అంకె పుస్తకం నుంచి పుస్తకానికి దిగుతూ వస్తోంది. ఆ మడ అడవుల చుట్టూ అప్పుడు అంతమంది ఉండేవారా అని నాకు అనుమానం. అంకె ఏదైనా, ఆ రేవు మళ్లీ లేవలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద సరుకు కాకినాడకి మళ్లింది. ఓడలూ అక్కడికే వెళ్లాయి.

కోరంగి పేరు మాత్రం బర్మాలో బతికింది. మన సోంపేట, టెక్కలి, భీమిలి, పూసపాటిరేగ వైపుల నుంచి రంగం వెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఆ రేవు మొహమైనా చూడని వాళ్లని కూడా. మారిషస్‌లోనూ అంతే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. రేవు పోయింది. నేత మాంచెస్టర్ బట్టల దెబ్బకి పడిపోయింది. ఉప్పు ముందే పోయింది. ఇంత పోయాక ఒక ఊరు మామూలుగా ఏమవుతుంది? మన కోనాడని చూడండి. చంపావతి మొగ దగ్గర ఒకప్పుడు రేవు. మొగ పూడింది, నావలు తగ్గాయి, ఊరు ఊరుగా మిగిలింది. భీమిలిని చూడండి. గోస్తనీ మొగ దగ్గర డచ్చివాళ్ల రేవు, వాళ్ల గోరీలు ఇంకా ఉన్నాయి. 1824లో ఇంగ్లండు, హాలండు కూర్చుని పంపకాలు చేసుకున్నాయి. సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్లకి, మలక్కాతో పాటు ఇండియాలోని డచ్చి ఊళ్లన్నీ ఇంగ్లీషువాళ్లకి. అలా 1825లో మన భీమిలి, కాకినాడ పక్కన జగన్నాథపురం చేతులు మారాయి. ఎక్కడి సుమత్రా, ఎక్కడి భీమిలి! ఆ రోజు నుంచి భీమిలికి సరిహద్దు లేదు. గోగునార ఎగుమతి ఉన్నంత కాలం రేవు నడిచింది. విశాఖలో పెద్ద హార్బరు వచ్చాక అదీ సన్నగిల్లింది.

యానాం కూడా 1824 లాంటి పంపకంలో పోయుంటే ఈపాటికి తాళ్లరేవు పక్కన మరో పంచాయతీ అయ్యుండేది. పోలేదు. ఏరు ఇచ్చింది ఏరే తీసుకుపోయింది గాని, ఊరి చుట్టూ గీసిన సరిహద్దు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఊరు తిన్నదంతా ఆ సరిహద్దు పెట్టిన తిండే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం. ఇంగ్లీషు ఇండియాలో నేరం, యానాంలో కాదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని పెళ్లివారు యానాం చేరేవారు. ఊరికి కళ్యాణపురమని పేరు పడింది. పందిళ్లవాళ్లకీ పురోహితులకీ మేళగాళ్లకీ చేతినిండా పని దొరికుంటుంది. పేరు వినడానికి ముచ్చటగా ఉంటుంది, కొందరు యానాం ప్రత్యేకత అంటూ ముచ్చటగానే చెబుతారు. నాకు ఆ ముచ్చట లేదు. ఆ పందిట్లో ఎనిమిదేళ్ల పిల్ల కూర్చునుంది.

మంగళవారం సంత మాత్రం మంచి సందడి. విదేశీ సరుకు సుంకం లేకుండా దొరికేది. సరిహద్దు అవతల ఇంగ్లీషు సుంకం కాపలా. సంచి ఖాళీగా వచ్చి నిండుగా వెళ్లేవాళ్లకీ ఆ కాపలావాళ్లకీ మధ్య ఏం నడిచేదో ఊహించుకోండి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉంది, ఆ పన్నులు తక్కువ కాబట్టి పెట్రోలు కోసం, మందు కోసం కాకినాడ, అమలాపురం వైపు జనం అక్కడికి వెళుతుంటారు. నవ్వుతున్నారంటే మీలోనూ వెళ్లినవాళ్లున్నారు.

1954లో సరిహద్దు మీదే గొడవ మొదలైంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లైనా యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతోంది. జూన్ 13న దడాల రఫాయెల్ రమణయ్య ముందుండి నడిపిన దళం ఊరిని పట్టుకుంది. ఆయన ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలో ఉద్యోగి. పరిపాలన నవంబరు 1న భారత ప్రభుత్వం చేతికొచ్చింది. చట్టప్రకారం బదిలీ మాత్రం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించాక, 1962 ఆగస్టు 16న. మధ్యలో ఆ ఎనిమిదేళ్లూ యానాం కాగితం మీద ఫ్రాన్సుది, చేతల్లో మనది.

మరి ఆంధ్రలో ఎందుకు కలపలేదని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఫ్రెంచి ఊరే అయిన చంద్రనగర్‌ని బెంగాల్లో కలిపారు కదా అంటారు. నిజమే, వాళ్లు 1949లోనే ఓటు వేసుకుని విడిగా వచ్చేశారు. మిగిలిన నాలుగు ఫ్రెంచి ఊళ్లకీ 1956 ఒప్పందంలో ఒక హామీ ఉంది. ప్రజల ఇష్టం తెలుసుకోకుండా వాటి ప్రతిపత్తి మార్చరు. యానాం ప్రజలు అడగలేదు. ముప్ఫై చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో యాభై అయిదు వేల పైచిలుకు జనం. అయినా సొంత ఎమ్మెల్యే, సొంత బడ్జెట్టు కేటాయింపు. ఆంధ్రలో కలిస్తే ఒక మండలం. మీరైతే ఏం చేస్తారు? శాసనసభ ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల, అక్కడ తమిళం మాట్లాడతారు. ఆ ఇబ్బందిని వాళ్లు ఓర్చుకున్నారు. 2002 ప్రాంతంలో ఎదుర్లంకకి బాలయోగి గారి పేరిట వంతెన పడ్డాక, వచ్చిపోయేవాళ్లకి అది కాకినాడ, అమలాపురం మధ్య దారిలో ఒక మజిలీ. ఇప్పుడు అది ఫ్రెంచి ఊరి కంటే ఎక్కువగా కాకినాడ శివారు.

శివారు అన్నాను కాబట్టి ఫ్రాన్సులోని ఇంకో ఊరు చెప్పి ముగిస్తాను. పారిస్‌కి ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో గూసాన్‌విల్. చిన్న ఏటి పక్కన పాత పల్లె, మధ్యలో పాత చర్చి, చుట్టూ గోధుమ పొలాలు. పక్కనే పారిస్ కొత్త విమానాశ్రయం కట్టారు. అది తెరవకముందే, 1973 జూన్ 3న విమాన ప్రదర్శనలో సోవియట్ టీయూ-144 ఆ ఊరి మీద కూలింది. విమానంలో ఆరుగురు, ఊళ్లో ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి ఏడు విమానాశ్రయం మొదలైంది. పాత పల్లె సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంది. మోత భరించలేక జనం చాలావరకు లేచిపోయారు, వాళ్ల ఇళ్లని విమానాశ్రయ సంస్థ కొనుక్కుంది. పడగొడదామంటే చర్చి రక్షిత కట్టడం, దాని చుట్టూ తోచినట్టు కూల్చడానికి వీల్లేదు. అలా ఇళ్లు తలుపులు మూసుకుని కూలుతూ ఉండిపోయాయి. చిత్రమేమిటంటే రెండు కిలోమీటర్లు కూడా దూరం లేని కొత్త గూసాన్‌విల్ మాత్రం ముప్ఫై వేల జనంతో నడుస్తోంది. రెండు ఊళ్లకీ ఒకటే విమానాశ్రయం.

భోగాపురం విమానాశ్రయంతో అలాంటి గీత ఇప్పుడు మనకీ వచ్చింది. రెండు వేల రెండు వందల ఎకరాల ప్రహరీ గోడ అందరికీ కనిపిస్తోంది. నేను చెప్పేది దాని గురించి కాదు. రన్‌వే రెండు కొసల నుంచి బయటికి సాగే మోత హద్దులు ఉంటాయి. ఎవరింటి మీద ఎంత ఎత్తు కట్టొచ్చో రంగులు వేసిన పటం ఉంటుంది. ఆ పటంలో ఇచ్చిన ఎత్తు దాటి, విమానాశ్రయాల సంస్థ అనుమతి లేకుండా మేడ లేపడానికి వీల్లేదు. హైవే పక్క సెంటు ఎంత పలుకుతోందో ఇక్కడ చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఆ పటంలో ముక్కాం ఎక్కడుంది, చేపలకంచేరు ఎక్కడుంది, సవరవిల్లి ఎక్కడుంది, చూసినవాళ్లు ఈ సభలో ఎంతమంది? చేతులెత్తండి, సిగ్గుపడకండి.

ఇద్దరు. సరే, ఆ ఇద్దరూ కాసేపు ముందుకొచ్చి కూర్చోండి. మిగతావాళ్ల ప్రశ్నలకి నా కంటే మీరే మెరుగ్గా జవాబు చెప్పగలరు.