ట్రాక్టరు మీటర్లు తప్పు చూపినప్పుడు



"ఆ మీటరు ఎప్పుడో చెడిపోయినది, దానిని పట్టించుకోనక్కరలేదు" అని పాత ట్రాక్టరు నడుపువారు తరచు అనుచుందురు. కాని ఒకనాడు అది నిజమే చూపినచో ఇంజను బిగుసుకొనిపోవును, దుక్కి అదను దాటిపోవును. కావున ముల్లు తేడాగా నిలిచినప్పుడు ముందు ఇంజనును, తరువాతనే మీటరును అనుమానించవలెను.

ఆయిలు ముల్లు పడిపోయినచో వెంటనే ఇంజను ఆపవలెను. కొంతసేపు ఆగి, చదునైన చోట డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టము చూడవలెను. మట్టము సరిగానున్నను ముల్లు లేవనిచో, మంచి మీటరు బిగించి పరీక్షించువరకు బండి నడపరాదు.

వేడి ముల్లు ఎర్రగీతకు చేరినచో, ఇంజను చల్లారిన పిదపనే రేడియేటరు మూత తీసి నీరు చూడవలెను. ఫ్యాను బెల్టు కూడ చూడవలెను.

ఇవన్నియు బాగున్నచో వైర్లు చూడవలెను. వేడి, డీజిలు ముళ్లు రెండును ఒకేసారి ఆగినచో ఫ్యూజుగాని, ఎర్తు వైరుగాని చెడియుండవచ్చును. వేడి ముల్లు ఒక్కటే కదలనిచో, ఇంజను నడపక తాళము మాత్రము తిప్పి, సెన్సారు వైరును ఊడదీసి ఇంజను ఇనుమునకు క్షణకాలము తాకించవలెను. ముల్లు కదలినచో లోపము సెన్సారుదే. కదలనిచో వైరుగాని మీటరుగాని చెడినది. వైరుకు బదులు సన్నని గొట్టమున్న మీటరుకు ఈ పరీక్ష పనికిరాదు. డీజిలు టాంకు వద్ద నిప్పురవ్వ ప్రమాదము. ఆ పని మెకానిక్కుకు వదలవలెను.

ఇంజను ఆపి పెద్దదీపము వేసినప్పుడు అమ్మీటరు ముల్లు మైనస్ వైపు కదలవలెను. ఇంజను నడచునప్పుడు ప్లస్ వైపు రానిచో డైనమో బెల్టు బిగువు చూడవలెను.

వైర్ల కొనలకు పట్టిన చిలుమును దుక్కులకు ముందే గీకి బిగించుకొనుడు. చెడిన మీటరును అట్లే వదలక మార్పించుకొనుడు. మీటరు ఖర్చు ఎంతైనను ఇంజను ఖర్చులో కొద్దిపాటిదే గదా!