కమిటీ గడువు - మన కర్తవ్యం

(ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్యారోగ్య బిల్లులను పరిశీలించే చట్టసభల కమిటీలు నివేదిక సమర్పించవలసిన గడువును పొడిగించడమంటే ఏమిటో, దానితో మనకేమి సంబంధమో వివరించమని నిర్వాహకులు కోరారు. పత్రికలలో ఒక మూలన రెండు వాక్యాలుగా వచ్చిపోయే వార్త ఇది. అయితే రోగి హక్కు అనేకసార్లు ఆ రెండు వాక్యాల మధ్యనే నిలిచి ఉంటుంది.

మేము దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవాళ్ళం. గడువు పెంచారంటే పని మూలన పడిందని కార్యాలయాలలో ఒక నమ్మకం. కమిటీల విషయంలో అది సగమే నిజం.

లోక్‌సభ నియమావళి ప్రకారం సెలక్ట్ కమిటీకి గడువును సభే నిర్ణయిస్తుంది. నిర్ణయించని పక్షంలో మూడు నెలలలోగా నివేదిక రావాలి. అది చాలకపోతే ఫలానా తేదీ వరకు పొడిగించమని సభలో తీర్మానం పెట్టాలి, సభ దానిని ఆమోదించాలి. అంటే పొడిగింపు ఎవరో చాటుగా చేసే పని కాదు. దానికి తేదీ ఉంటుంది, అడిగినవారు ఉంటారు, కారణం అడిగే హక్కు మనకూ ఉంటుంది.

పరిశీలనకు సమయమిస్తే కలిగే మేలుకు సరొగసీ బిల్లు ఒక ఉదాహరణ. 2019 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లును నవంబరు 21న రాజ్యసభ సెలక్ట్ కమిటీకి పంపింది. 2020 ఫిబ్రవరి 5న నివేదిక వచ్చింది. దగ్గరి బంధువే గర్భం మోయాలన్న నిబంధనను తొలగించి, ఇష్టపడి ముందుకు వచ్చే స్త్రీకి అవకాశమివ్వాలని కమిటీ సూచించింది. ఆమెకు కల్పించే బీమాను 16 నెలల నుంచి 36 నెలలకు పెంచాలని చెప్పింది. ఆ రెండున్నర నెలల పరిశీలన లేకుంటే ఒక పేద తల్లి ఆరోగ్య రక్షణ అంతమేరకు తగ్గి ఉండేది.

కాలయాపన వల్ల కలిగే కీడుకూ ఇదే బిల్లు సాక్షి. 2016లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన తొలి రూపం స్థాయీ సంఘం పరిశీలన ముగించుకొని, 2018 డిసెంబరులో లోక్‌సభ ఆమోదమూ పొందింది. రాజ్యసభ ఆమోదించేలోగా లోక్‌సభ కాలం ముగియడంతో అది రద్దయిపోయింది. రాజ్యాంగం 107వ అధికరణం చెప్పే నియమమిది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ బిల్లును 2014 ఫిబ్రవరిలో ముందుగా రాజ్యసభలో ప్రవేశపెట్టారు గనుక ఆ ఏటి ఎన్నికలు దాటి బ్రతికింది. స్థాయీ సంఘం నివేదిక 2015 ఏప్రిల్‌లో, చట్టం 2017 ఏప్రిల్‌లో, అమలు 2018 సెప్టెంబరు 10న. వ్యాధిగ్రస్తునికి వైద్యం, ఉద్యోగం, చదువు, అద్దె ఇల్లు నిరాకరించరాదని చెప్పే చట్టమది. ఇల్లు అద్దెకివ్వమన్న మాట ఎంత బరువైనదో మనవారికి వేరుగా చెప్పనవసరం లేదు. ఆ మాటకు చట్టం అడ్డుపడటానికి నాలుగున్నర సంవత్సరాలు పట్టింది. అంతకాలం గడిచాక కూడా, మందులు, పరీక్షల సదుపాయాలు ‘సాధ్యమైనంత వరకు’ అందించాలనే చట్టంలో మిగిలింది. ఆ రెండు మాటల భారం మోసేది రోగి కుటుంబమే.

గడువు దొరికినంత మాత్రాన న్యాయం దొరకదని వక్ఫ్ సవరణ బిల్లు మనకు నేర్పింది. 2024 నవంబరు 28న సంయుక్త పార్లమెంటరీ సంఘం గడువును బడ్జెట్ సమావేశాల చివరి రోజు వరకు పొడిగించారు. ప్రతిపక్ష సభ్యుల సవరణలను మాత్రం సంఘం తోసిపుచ్చింది. అయినా మన సంఘాలు, సాధారణ కుటుంబాలు వినతిపత్రాలు వ్రాయడం అప్పుడు నేర్చుకున్నాయి. మసీదు ఆస్తి కోసం కలం పట్టిన చేయి ఆసుపత్రి మంచం కోసం ఎందుకు పట్టకూడదు?

కాబట్టి గడువు పెరిగిందని విన్నప్పుడు మనం మూడు ప్రశ్నలు వేయాలి. ఏ తేదీ వరకు? ఎవరి మాట వినడానికి? సభ కాలం ముగిసేలోగా బిల్లు గట్టెక్కుతుందా? వైద్య సంఘాలకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు న్యాయవాదులుంటారు. వారి వాదన మొదటి వారంలోనే కమిటీకి చేరుతుంది. బస్తీలోని రోగి మాట చేరాలంటే ఎవరో ఒకరు కూర్చొని వ్రాయాలి. బిల్లులో ఏ క్లాజు, అందులో ఏ మాట మారాలి, ఎందుకు మారాలి, మన అనుభవమేమిటి అన్నవి రెండు పేజీలలో తేటగా వ్రాసి, గడువులోగా పంపి, రసీదు భద్రపరచుకోవాలి. ఆవేశంతో నిండిన ఇరవై పేజీలకన్నా ఇది మేలు.

ప్రతి పట్టణంలో ఇద్దరు చదువుకున్న యువతీయువకులు, ఒక వైద్యుడు, ఒక విశ్రాంత ఉద్యోగి కలిస్తే ఈ పని జరుగుతుంది. మా వంటి పెద్దవారు దరఖాస్తు వ్రాయడంలో చేయి కలుపుతాం. కమిటీ గడువును సభ పొడిగించగలదు. రోగికి ఉన్న గడువును ఎవరూ పొడిగించలేరు. అందుచేత సభ ఇచ్చిన ప్రతి రోజునూ మనం వాడుకోవాలి.